పోస్టర్, వీడియో చూపిస్తే క్లాస్‌మేట్స్ ‘బాగుంది’ అంటారు, లేదా తలో మాట చెప్తారు. ఈ ఫీడ్‌బ్యాక్‌తో ప్రాజెక్టు ఎలా బాగుచేసుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి సగం మంది ‘బాగుంది’ అని ఊరుకుంటున్నారు. మిగతావాళ్లలో ఒకరు రంగు మార్చమంటే ఇంకొకరు ఫాంట్ మార్చమంటున్నారు. రెండింటికీ మూలం మీరు అడిగే ‘ఎలా ఉంది?’ అన్న ప్రశ్నే. దానికి స్నేహితుల దగ్గర దొరికేది మొహమాటమో, సొంత ఇష్టమో. మీకు కావాల్సింది తీర్పు కాదు. వాళ్ల కంటికి ఏది ఆనింది, ఏది ఆనలేదు అన్నది కావాలి.

పోస్టర్‌తో మొదలుపెట్టండి. ఐదుగుర్ని ఒక్కొక్కరిగా పిలిచి, ముందుగా ఏమీ చెప్పకుండా ఐదు సెకన్లు చూపించి స్క్రీన్ మూసేయండి. మూడే అడగండి: ఇది దేని గురించి? మొదట ఏం కనిపించింది? ఎప్పుడు, ఎక్కడికి రమ్మంటోంది? జవాబులు వాళ్ల మాటల్లోనే రాసుకోండి. మధ్యలో ‘అంటే నా ఉద్దేశం ఏంటంటే’ అని అందుకోవద్దు. పోస్టర్ గోడకెక్కాక పక్కన నిలబడి వివరించడానికి మీరుండరు.

ఐదుగుర్నీ ఒకేసారి కూర్చోబెడితే మాత్రం పని చెడుతుంది. మొదట నోరు విప్పినవాళ్ల మాటే మిగతా నలుగురూ తిప్పి తిప్పి చెప్తారు. గుంపులోనే చేయక తప్పకపోతే ముందు ఎవరికి వాళ్లు కాగితం మీద రాయాలి, మాటలు ఆ తర్వాతే.

ఒక ఫొటో ఎగ్జిబిషన్ పోస్టర్ అనుకుందాం. ఐదుగురూ కెమెరా బొమ్మ గురించి చెప్పారు, తేదీ మాత్రం నలుగురికి గుర్తులేదు. వెంటనే తేదీని పెద్దది చేయాలనిపిస్తుంది. కాస్త ఆగి చుట్టుపక్కల చూడండి. తేదీ 24 పాయింట్లు, వేదిక పేరు 24, నిర్వాహకుల లైను 22 ఉంటే మూడూ ఒకదాన్నొకటి తొక్కేస్తున్నాయన్నమాట. తేదీని 28 చేసినా ఫలితం ఉండదు. నిర్వాహకుల లైన్‌ను 12కి దించి, తేదీని 48కి పెంచి, చుట్టూ ఖాళీ వదిలితే కన్ను అక్కడ ఆగుతుంది. ‘మ్యాటర్ ఎక్కువైంది’ అని ఇద్దరు, ‘వివరాలు చాల్లేదు’ అని ఇద్దరు అన్నప్పుడు కూడా సాధారణంగా జబ్బు ఇదే. కన్ను ఎక్కడ మొదలుపెట్టాలో పోస్టర్ చెప్పడం లేదు.

చూసినవాళ్లు చెప్పే లక్షణాన్ని నమ్మండి, మందు మాత్రం మీరే వెతకండి. ‘ఫాంట్ మార్చు’ అన్నవాళ్లని ‘ఎక్కడ చదవలేకపోయారు? వేలు పెట్టి చూపించండి’ అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. తరచుగా దొరికేవి మూడు. ఒకటి కాంట్రాస్ట్, అంటే అక్షరం రంగుకీ వెనక రంగుకీ మధ్య వెలుగులో తేడా. వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండటానికి పెట్టిన యాక్సెసిబిలిటీ ప్రమాణాల్లో ఏఏ అనే మధ్య స్థాయికి మామూలు సైజు అక్షరాలకీ వెనక రంగుకీ మధ్య కనీసం 4.5:1 తేడా ఉండాలి, పెద్ద అక్షరాలకి 3:1 చాలు. తెల్లటి నేల మీద #777777 అనే కోడ్ ఉన్న బూడిద రంగు 4.48 దగ్గర ఆగిపోతుంది, #767676 గట్టెక్కుతుంది. అంతకంటే లేత రంగుతో మోజుపడితే ఫెయిలే. రెండోది లైన్ల మధ్య దూరం. అడోబీ సాఫ్ట్‌వేర్లలో ఆటో లీడింగ్, అంటే సాఫ్ట్‌వేరే పెట్టే లైన్ల దూరం, అక్షరాల సైజులో 120 శాతం. తెలుగులో పై లైను వత్తులు కింది లైను గుడులకి తగులుకుంటాయి కాబట్టి 140 నుంచి 160 శాతం పెట్టుకోండి. మూడోది, వత్తులు విడిపోయి పక్కన పడటం. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్, ఇలస్ట్రేటర్‌లో భారతీయ లిపుల కంపోజర్ (అక్షరాల్ని పేర్చే సెట్టింగ్) ఎంచుకోకపోతే జరిగేది ఇదే. రోజూ అదే ఫైలు చూస్తున్న మీ కన్ను దాన్ని దాటేస్తుంది, కొత్త కన్ను పట్టేస్తుంది.

వీడియోకి పద్ధతి వేరు. మొదటిసారి సౌండ్ లేకుండా ఫోన్‌లో చూపించండి. కథ అర్థం కాలేదంటే టెక్స్ట్, షాట్ల వరస చూసుకోవాలి. రెండోసారి ఫోన్ స్పీకర్‌తో వినిపించండి. ఎడిటింగ్‌లో హెడ్‌ఫోన్స్‌లో బాగా వినిపించిన గొంతు ఇక్కడ మ్యూజిక్ కింద మునిగిపోతూ ఉంటుంది. మాట ఉన్నచోట మ్యూజిక్‌ని గొంతు కంటే 15 డెసిబెల్స్ తక్కువకి దించి మళ్లీ వినండి. ‘మధ్యలో బోర్’ అంటే టైమ్‌కోడ్, అంటే ఏ నిమిషం ఏ సెకనులోనో అడగండి. ‘0:17 దగ్గర’ అన్నప్పుడే అది పనికొచ్చే ఫీడ్‌బ్యాక్. తెర మీద టెక్స్ట్ పడితే మీరు దాన్ని నిదానంగా రెండుసార్లు చదివేంతసేపైనా ఉంచండి. రాసింది మీరే కాబట్టి ఒక్కసారికే ఎక్కువనిపిస్తుంది, కొత్తవాళ్లకి అలా ఉండదు.

వచ్చినవన్నీ ఒక షీట్‌లో పెట్టండి: ఎక్కడ, ఏం జరిగింది, ఎంతమందికి, కారణం ఏమై ఉండొచ్చు, ఏం చేశారు. ఐదుగురిలో ముగ్గురు ఒకేచోట తడబడితే అది మీకెంత ఇష్టమైన భాగమైనా మార్చాల్సిందే. ఒక్కరే అన్నది అక్షరదోషమో తప్పు తేదీయో అయితే వెంటనే దిద్దండి. ‘నాకు నీలం ఇష్టం’ లాంటిదైతే రాసుకుని వదిలేయండి. ఒక సమస్యకి ఒక మార్పే చేసి, పోస్టర్_వి2, పోస్టర్_వి3 అని వేరే ఫైళ్లుగా దాచండి. రంగు, సైజు, అమరిక ఒకేసారి మార్చేస్తే ఏది పనిచేసిందో తేలదు.

రెండో రౌండ్‌కి పాతవాళ్లని పిలవకండి. వాళ్లకి తేదీ ఇప్పటికే తెలుసు, మీరు పెద్దది చేయకపోయినా చెప్పేస్తారు. వెబ్‌సైట్లు వాడటానికి ఎంత సులువో పరీక్షించే యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో రాసిన సలహా ఇక్కడా పనికొస్తుంది: పదిహేను మందితో ఒక్కసారి పరీక్షించే బదులు, ఐదుగురి చొప్పున మూడుసార్లు చేసి మధ్యలో దిద్దుకోవడం మేలు.

మొదటి రౌండ్ కచ్చా స్కెచ్ దశలోనే పెట్టుకోండి. ఫొటోల స్థానంలో బూడిద రంగు డబ్బాలున్నా ఫరవాలేదు, నిజానికి అదే నయం. నున్నగా తయారైన డిజైన్ చూస్తే జనం పెద్ద లోపాలు చెప్పడానికి మొహమాటపడి చిన్నవాటి మీద పడతారు, మీకూ విప్పి కట్టే ఓపిక ఉండదు. సబ్మిషన్‌కి రెండు రోజుల ముందు ఫీడ్‌బ్యాక్ ఆపేయండి. ఆ తర్వాత అక్షరదోషాలు, ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్ తప్ప ఏదీ ముట్టుకోవద్దు. పని ఎలా సాగిందో చెప్పే ప్రాసెస్ రిపోర్ట్ అడిగితే ఆ షీటునే, వి1, వి3 స్క్రీన్‌షాట్లతో కలిపి పెట్టండి. ఏ సూచన పాటించలేదో, ఎందుకో కూడా ఒక్కో లైనులో రాయండి.