పక్షవాతం వచ్చిన మా నాన్నగారికి పథకంలో ఇచ్చే వీల్‌చెయిర్ కోసం ఆగాలా, బయట కొనాలా?

మీ నాన్నగారికి 74 ఏళ్లని, ఎడమ వైపు చచ్చుబడి ఆరు నెలలైందని, శిబిరంలో పేరు రాయించి దుకాణంలో ధర కూడా అడిగి వచ్చారని రాశారు. ఆయన కూర్చున్నప్పుడు తుంటి వెడల్పు ఎంతో, మోకాలి వెనక నుంచి మడమ దాకా ఎంత పొడవో, మీ స్నానాల గది తలుపు ఎంత వెడల్పో మాత్రం రాయలేదు. ఉచితంగా తీసుకోవాలా, కొనాలా అన్నది ఆ తరువాత తేలవలసిన విషయమని నా గట్టి నమ్మకం. మా అమ్మకు జరిగింది చెబితే ఈ నమ్మకం ఎందుకు కలిగిందో మీకే తెలుస్తుంది.

అమ్మ తెనాలిలో ముప్ఫై ఏళ్లకు పైగా ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుట్టింది. ఎంత పాత ఖాతాదారు అయినా కొలత జాకెట్టు తెచ్చి ఇవ్వనిదే గుడ్డ మీద కత్తెర పెట్టేది కాదు. మనిషి నెలకొక తీరుగా ఉంటుందని, పాత కొలతను నమ్ముకుంటే గుడ్డ పాడవుతుందని అనేది. 2018లో, 69వ ఏట, ఆమెకు ఎడమ చేయి, ఎడమ కాలు పడిపోయాయి, మాట ముద్దగా అయిపోయింది. రెండు నెలల తరువాత మా ప్రాంతంలోని ఒక కళాశాల ఆవరణలో వికలాంగులకు, వృద్ధులకు ఉపకరణాలు పంచుతున్నారని తెలిసి, అన్నయ్యా నేనూ ఆమెను ఆటోలో తీసుకువెళ్లాం.

ఉదయం తొమ్మిదింటికి వెళ్లిన మాకు మధ్యాహ్నం రెండు దాటాక పిలుపు వచ్చింది. షామియానా కింద చక్రాల కుర్చీలు పాలిథిన్ కాగితం కూడా విప్పకుండా వరుసగా పేర్చి ఉన్నాయి. అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నాయి. ఆరడుగుల మనిషికీ అదే, పన్నెండేళ్ల పిల్లవాడికీ అదే, ఐదడుగులు కూడా లేని మా అమ్మకూ అదే. వరుసలో మొదట ఉన్న కుర్చీ లాగి ఆమెను ఎత్తి కూర్చోబెట్టారు. పాదాలు ఫుట్‌రెస్టుకు అందక గాలిలో వేలాడుతున్నాయి, పట్టు లేని ఎడమ వైపుకు ఒళ్లంతా ఒరిగిపోయింది. ఫోటో తీసేవారు తల పైకెత్తమని మూడుసార్లు అడిగారు. తల ఎత్తడానికి నడుముకు ఆసరా ఉండాలని అక్కడ ఎవరికీ తోచలేదు, ఆ రోజు నాకూ తోచలేదు. ఫోటో అయ్యాక అమ్మ నా చేయి పట్టుకుని, మాట తిరగని నోటితో, చాలా కష్టపడి ఒక్క ముక్క అన్నది: "కొలత తీసుకోలేదు." ఊరికే వచ్చిన వస్తువుకు వంక పెట్టకూడదని నేను ఆమెను సముదాయించాను. ఆ మాట అన్నందుకు నేను ఈనాటికీ బాధపడుతున్నాను.

ఇంటికి వచ్చాక మొదటి గుమ్మం దగ్గరే చిక్కు వచ్చింది. మాది పాత ఇల్లు, ప్రతి గదికీ గడప ఉంది. కుర్చీ బయటి వెడల్పు ఇరవై ఆరున్నర అంగుళాలైతే, స్నానాల గది తలుపు తెరిచినప్పుడు మిగిలే ఖాళీ ఇరవై నాలుగున్నర. కాబట్టి రోజుకు నాలుగైదుసార్లు ఆమెను ఇద్దరం ఎత్తుకుని లోపలికి చేర్చవలసి వచ్చేది. చాటుగా, మర్యాదగా బతికిన మనిషికి అది ఎంత కష్టమో రాయడానికి నాకు మాటలు చాలవు. మూడు వారాలకు పిరుదు మీద ఎర్రటి మచ్చ కనిపించింది. వేలితో నొక్కినా ఆ ఎరుపు పోలేదు. పుండుకు అదే మొదలని తెలిసి భయపడి ఫిజియోథెరపిస్టును పిలిపించాం.

ఆమె వచ్చి మందులు, వ్యాయామాల సంగతి ఎత్తకుండానే, "అమ్మా, ఇంట్లో టేపు ఉందా?" అని అడిగారు. మిషను సొరుగులో ఉన్న అమ్మ టేపునే తెచ్చి ఇచ్చాను. తుంటి వెడల్పు పద్నాలుగు అంగుళాలు, కుర్చీ సీటు పద్దెనిమిది. రెండు పక్కలా మిగిలిన ఆ ఖాళీ వల్లే ఒళ్లు ఒరుగుతోందని, ఒరిగిన వైపు బరువంతా ఒకచోట పడి చర్మం కందుతోందని చెప్పారు. సీటు లోతు కూడా ఎక్కువగా ఉన్నందున అమ్మ వీపు వెనక్కి ఆనడం లేదు. సీటు అంచుకూ మోకాలి మడతకూ మధ్య రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలట. నాకు అంతవరకు ఎవరూ చెప్పని ఇంకొక విషయం కూడా ఆమె చెప్పారు. ఒక వైపు చచ్చుబడినవారు రెండు చేతులతో చక్రాలు తిప్పలేరు కానీ, బాగున్న చేత్తో చక్రాన్ని తిప్పుతూ బాగున్న పాదంతో నేలను వెనక్కి నెట్టుకుంటూ తమంతట తాము వెళ్లగలరు. అందుకు ఆ పాదం నేలకు పూర్తిగా ఆనేంత తక్కువ ఎత్తులో సీటు ఉండాలి. మాకు ఇచ్చిన కుర్చీ సీటు నేల నుంచి ఇరవై అంగుళాల ఎత్తున ఉంది. అంటే అందులో కూర్చున్నంత కాలం అమ్మ ఎవరో ఒకరు నెడితేనే కదలగలదు.

విజయవాడలో వెతికి పదహారు అంగుళాల సీటు ఉన్న కుర్చీ కొన్నాం. చక్రాల ఇరుసును పై రంధ్రంలో బిగించి, ముందు చిన్న చక్రాలను కూడా దానికి తగ్గట్టు సర్ది, సీటును కిందికి దించగలిగే రకం అది. పదకొండు వేలైంది. కుడి ఫుట్‌రెస్టు తీసేయించి ఎడమది మాత్రం ఉంచాం. పరుపుల దుకాణంలో గట్టి ఫోము కోయించి సీటు మీదికి దిండు చేయించాం. స్నానాల గది తలుపు రెక్క ఊడదీయించి తెర కట్టాం. దానితో ఇంకో అంగుళంన్నర ఖాళీ కలిసివచ్చి, ఇరవై నాలుగు అంగుళాల కొత్త కుర్చీ చేతులు గీసుకోకుండా లోపలికి పోయింది.

ఇక గడప. అన్నయ్య వీధి గుమ్మం గడప కోయిద్దామన్నాడు. పెళ్లై వచ్చిన నాటి నుంచి శుక్రవారం శుక్రవారం పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టిన గడప అది. అమ్మ తల అడ్డంగా ఊపి ఏడ్చింది. వాలు ఎంత ఉండాలో ఫిజియోథెరపిస్టు చెప్పిన లెక్క చాలా సులువైనది: అంగుళం ఎత్తుకు అడుగు పొడవు. మన ప్రభుత్వ భవనాల మార్గదర్శకాల్లో ఒకటికి పన్నెండు అని రాసేదీ ఇదే. గడప ఎత్తు రెండున్నర అంగుళాలు కనుక రెండున్నర అడుగుల పొడవున్న వాలు చెక్కలు రెండు, గడపకు అటొకటి ఇటొకటి, వడ్రంగి ఒక్క పూటలో చేసి ఇచ్చారు. శుక్రవారం పొద్దున వాటిని పక్కకు తీసి, గడపకు పసుపు రాసి, ఆరాక మళ్లీ వేసేవాళ్లం.

కొత్త కుర్చీ వచ్చిన తొమ్మిదో రోజున నేను వంటింట్లో ఉండగా చక్రం కదిలిన చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే అమ్మ మంచం దగ్గర లేదు. కుడి పాదంతో నేలను నెట్టుకుంటూ గది దాటి, కిటికీ పక్కనున్న కుట్టు మిషను దగ్గరకు చేరి, పైట చెంగుతో దాని మీద దుమ్ము తుడుస్తోంది. ఆ దూరం పన్నెండు అడుగులు ఉంటుందేమో. ఆ మధ్యాహ్నమంతా ఆమె అక్కడే కూర్చుంది.

అందుకే ఈ విషయంలో నాకు కోపం తగ్గదు. చూపు తగ్గితే కళ్లు పరీక్షించి నెంబరు రాసి ఇవ్వనిదే అద్దాలు తీసుకోం. చక్రాల కుర్చీ దగ్గరకు వచ్చేసరికి ఏదో ఒకటి చాలు అనుకుంటాం. కళ్లజోడూ సహాయ ఉపకరణమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 2022లో ఇచ్చిన నివేదిక కళ్లజోడు, వినికిడి యంత్రం, వీల్‌చెయిర్ వంటివన్నీ కలిపి లెక్కగట్టి, ప్రపంచంలో 250 కోట్ల మందికి పైగా ఇలాంటి ఉపకరణం ఏదో ఒకటి అవసరమని, వారిలో దాదాపు వంద కోట్ల మందికి అది అందడం లేదని చెప్పింది. అందినవారిలోనూ ఎందరికి సరిపడేది అందిందో అడగాలని నేనంటాను. మా వీధిలోనే మూడు కుర్చీలు మూలన పడి ఉండేవి. ఒకదాని మీద బట్టలు ఆరేసేవారు. వాడటం ఇష్టం లేక మానేశారని ఇరుగుపొరుగు అనేవారు. అవి ఆ మనుషులకు సరిపోక మూలన పడ్డాయని నా అభిప్రాయం. అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో, వసతులు తక్కువగా ఉన్న చోట్ల వీల్‌చెయిర్లు ఎలా ఇవ్వాలో ఎనిమిది దశలుగా చెప్పింది. మనిషిని పరీక్షించి కొలవడం, అమర్చి చూడటం, వాడటం నేర్పడం, తరువాత మరమ్మతు చూసుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. మాకు జరిగింది కుర్చీ చేతికి ఇచ్చి ఫోటో తీయడం వరకే.

మరమ్మతు మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. ముందు చిన్న చక్రం బేరింగు అరిగితే మా ఊళ్లో దొరకలేదు. సైకిల్ షాపు ఆయన తన దగ్గర ఉన్నదేదో సానపట్టి వేసి ఇచ్చారు. ఊతకర్ర, వాకర్ల కింద ఉండే రబ్బరు తొడుగు అరిగిపోతే తడి నేల మీద జారి పెద్దవాళ్లు తుంటి విరగ్గొట్టుకుంటారు. కొద్ది రూపాయల వస్తువు అది, మందుల షాపులన్నింటిలో ఎందుకు ఉంచరో నాకు అర్థం కాదు. వీటిని దానంగా చూసినంత కాలం ఇచ్చినవారిని తరువాతి మరమ్మతు గురించి అడిగే ధైర్యం ఎవరికీ రాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆదాయ పరిమితికి లోబడి ఉపకరణాలు ఉచితంగా ఇవ్వాలని చెబుతోంది. అది హక్కు కనుక అడగవచ్చు, అడగాలి.

మీ విషయానికి వస్తే, దరఖాస్తు మానకండి. దివ్యాంగులకు ఉపకరణాలు ఇచ్చే ఎడిప్ అనే కేంద్ర పథకం 1981 నుంచి ఉంది. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం కావాలి కనుక సదరం శిబిరంలో తేదీ ఇప్పుడే తీసుకోండి. 60 ఏళ్లు నిండిన పేదవారి కోసం రాష్ట్రీయ వయోశ్రీ యోజన ఉంది, దానిని 2017లో మన నెల్లూరులోనే ప్రారంభించారు. అయితే ఒకటి గుర్తుంచుకోండి: ఎడిప్ కింద ఒకసారి ఉపకరణం తీసుకుంటే, అదే అవసరానికి మూడేళ్ల దాకా మళ్లీ ఇవ్వరు, పన్నెండేళ్ల లోపు పిల్లలకైతే ఏడాది. సరిపోని కుర్చీ తెచ్చుకుంటే ఆ మూడేళ్లూ దానితోనే గడపాలి. కాబట్టి పంపిణీకి ముందు పేర్లు రాసుకుని పరీక్షించే శిబిరం జరిగినప్పుడే నాన్నగారిని తీసుకువెళ్లి, కొలిచి రాసుకోమని నిలబడి అడగండి. ఈలోగా ఆయన మంచానికే పరిమితమై ఉంటే మాత్రం నెలల తరబడి ఆగవద్దు. అద్దెకైనా సరే, సరిపడే కుర్చీ తెచ్చి కూర్చోబెట్టండి.

శిబిరానికి వెళ్లినా, దుకాణానికి వెళ్లినా ఒక కాగితం వెంట ఉంచుకోండి. నాన్నగారిని గట్టి బల్ల మీద నిటారుగా కూర్చోబెట్టి తుంటి వెడల్పు, వీపు నుంచి మోకాలి మడత దాకా పొడవు, మోకాలి మడత నుంచి మడమ దాకా ఎత్తు, చెప్పులు వేసుకుంటే చెప్పులతో సహా, కొలిచి రాయండి. బాగున్నది కుడి కాలని పైన పెద్ద అక్షరాలతో రాయండి. దాని కిందనే స్నానాల గది తలుపు వెడల్పు, రెక్కతో ఎంత, రెక్క తీస్తే ఎంత, రెండూ రాయండి.