మోటారు ఆన్ చేయగానే ఎంసీబీ ఎందుకు పడిపోతుంది?

మోటారు స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే 5 నుంచి 7 రెట్లు కరెంటు లాగుతుంది, అందుకే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే సరఫరా ఆపేసే స్విచ్) పడిపోతుంది. ఆగి ఉన్న మోటారులో ఎదురు వోల్టేజీ ఉండదు. వేగం అందుకున్నాకే అది పుట్టి కరెంటును తగ్గిస్తుంది.

హనుమకొండలో ఓ ఇంటి 1 హెచ్‌పీ బోరు మోటారు నడిచేటప్పుడు 7 ఆంపియర్లు తీసుకుంటుందనుకోండి, స్టార్టింగ్‌లో 40 దాటొచ్చు. 10 ఆంపియర్ల బీ టైపు ఎంసీబీ 30–50 మధ్యే టక్కున పడుతుంది. సీ టైపు 50 దాటితేగానీ అలా టక్కున పడదు. మోటారుకు సీ టైపే సరి. ఎండాకాలంలో వోల్టేజీ తక్కువగా ఉన్నా, కెపాసిటర్ (మోటారు స్టార్ట్ కావడానికి తోడ్పడే భాగం) పోయి మోటారు గుంయ్‌మంటూ తిరగకపోయినా సీ టైపూ కాసేపటికి పడుతుంది. ముందు కెపాసిటర్ చూడండి.

చాలామంది ఎంసీబీ చిన్నదైందని 32 ఆంపియర్లది వేయిస్తారు. ఎంసీబీ కాపాడాల్సింది వైరును: 1.5 స్క్వేర్ ఎంఎం వైరుకు 32 పెడితే, ఎంసీబీ పడేలోపే వైరు కాలిపోవచ్చు.