కుళాయి తిప్పి ఏడ్చే పిల్లాడు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. మాది మదనపల్లె దగ్గర పల్లెటూరు. పదమూడేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మారతహళ్లిలో అపార్ట్‌మెంట్. నేను, మా ఆవిడ, ఎనిమిదేళ్ల బాబు ఉంటాం. వీడు చిన్నదానికీ ఏడుస్తాడు. రెండు నెలల కిందట అపార్ట్‌మెంట్ పిల్లలతో క్రికెట్ ఆడుతూ ఔటైతే అందరి ముందూ ఏడ్చాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి తీసుకొచ్చి ‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అని చెంప మీద ఒకటి వేశాను. అప్పట్నుంచి నా ముందు ఏడవడం మానేశాడు. మారాడనే అనుకున్నాను. మాకు ట్యాంకర్ నీళ్లు. మొన్న బాత్రూమ్‌లో కుళాయి ఎంతసేపటికీ ఆగకపోతే నీళ్లు వృథా అవుతున్నాయని మా ఆవిడ తలుపు కొట్టింది. చూస్తే వీడు కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడుస్తున్నాడు. ఆ రోజు నుంచి ఆమె నాతో ముభావంగా ఉంటోంది.

మా నాయన టమోటా రైతు. ధర పడిపోయి పెట్టెలు రోడ్డు పక్కన పారబోసి వచ్చిన రోజు కూడా ఒక్క మాట అనేవాడు కాదు. మొహం మీద తువ్వాలు కప్పుకొని పడుకునేవాడు. నన్నూ గట్టిగానే పెంచాడు. పోయినేడాది చనిపోయినాడు. పెద్దకొడుకుని కాబట్టి అన్నీ నేనే చూసుకున్నాను. ఏడవలేదు. పెద్దకర్మ అయిన మూడో రోజు గుండుతోనే ఆఫీసుకు వెళ్లాను. ‘తిరుపతి వెళ్లొచ్చావా’ అని అడిగారు. అవునన్నాను. ఈ మధ్య ఛాతీలో బరువుగా ఉంటే ఈసీజీ, ట్రెడ్‌మిల్ మీద నడిపించే టీఎంటీ తీశారు. అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకోమన్నారు. ఆఫీసు నుంచి వచ్చాక పైకి వెళ్లబుద్ధి కాక పార్కింగ్‌లో కారులోనే అరగంట కూర్చుంటున్నాను. వచ్చే నెల నాయన సంవత్సరీకం. మా వాణ్ని ఎలా గట్టిపరచాలి?
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: ‘తిరుపతి వెళ్లొచ్చావా అని అడిగారు, అవునన్నాను’ అన్న చోట నేను చదవడం ఆపేశాను. లేచి కాఫీ కలుపుకొని వచ్చి మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెట్టాను. ‘లేదు, మా నాయన పోయినాడు’ అంటే అవతలివాళ్లు ‘అయ్యో’ అంటారు. ఆ ‘అయ్యో’ విన్నాక మీ గొంతు ఏమవుతుందో మీకే తెలియదు. మీటింగ్‌కి ముందు ఆ రిస్క్ ఎందుకని అవుననేశారు. గుండు చూసి తిరుపతి అనుకోవడం మనవాళ్లకు సహజమే, అడిగినవాళ్ల తప్పేమీ లేదు. కాకపోతే తండ్రి పోయిన కొడుక్కి ఆ ఆఫీసులో దొరకాల్సిన పరామర్శ అక్కడితో పోయింది.

బాబును గట్టిపరచడం గురించి అడిగారు. ముందు మీ ఇంటి మగవాళ్లను వరసగా చూడండి. మీ నాయనకు తువ్వాలు. మీకు కారు. వాడికి కుళాయి. ముగ్గురికీ దాక్కోవడానికి ఒక చోటు దొరికింది, వాడికి ఎనిమిదేళ్లకే దొరికేసింది. మీరు కోరుకున్న గట్టిదనం వాడికి అప్పుడే వచ్చేసిందన్నమాట. అది చూసి మీకు సంతోషం కలగలేదు. కలిగుంటే ఈ ఉత్తరం రాసేవారు కాదు.

వాడి ఏడుపు చూస్తే మీకు అంత కోపం ఎందుకొచ్చింది? పరువు పోయిందనే అనుకుంటున్నారు. నాకు వేరేలా అనిపిస్తోంది. నాయన పోయిన రోజు మీరు ఏమేం చేసుంటారో ఊహించగలను. ఫ్రీజర్ బాక్సు, షామియానా, వచ్చినవాళ్లకు భోజనాలు, ఆ తర్వాత డెత్ సర్టిఫికెట్, బ్యాంకు, పొలం పాసుబుక్కు. ‘నువ్వే ఏడిస్తే అమ్మనెవరు చూసుకుంటారు’ అని ఎవరో ఒక పెద్దాయన భుజం తట్టే ఉంటాడు. పెద్దకొడుక్కి ఏడవడానికి తీరిక ఉండదు. మీరు చితి దగ్గర అంత కష్టపడి దిగమింగుకున్నదాన్ని, మీ వాడు ఒక్క వికెట్ కోసం పదిమంది ముందు ఒలకబోసేశాడు. నాకు లేని వెసులుబాటు వీడికెక్కడిది అన్న ఉడుకుమోత్తనం ఆ దెబ్బలో కొంత ఉంది. మీరు చెడ్డ తండ్రి అని ఈ మాట అనడం లేదు. దెబ్బ మాత్రం దెబ్బే. బడిలో టీచరు కొడితే 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం తప్పు, మనం ఊరుకోం, వెళ్లి గొడవ పెట్టుకుంటాం. ఇంట్లో మనం కొడితే దానికి పెంపకం అని పేరు.

‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ని నమ్మకూడదు’ అని మనకో సామెత. ఎవరు కట్టారో గాని, ఒక్క దెబ్బకు ఆమె నోటికీ ఇతని కంటికీ తాళం వేశారు. మగవాడు ఏడవకపోవడాన్ని చాలా ఇళ్లలో పుట్టుకతో వచ్చిన గుణంలా చూస్తారు. అది నిజం కాదు. నెదర్లాండ్స్‌లో యాడ్ వింగర్‌హూట్స్ అనే సైకాలజిస్టు ఏళ్ల తరబడి ఏడుపు మీదే పని చేశారు. చిన్నతనంలో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఏడవడంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదనీ, అది పెరిగేది ఎదిగే వయసు దగ్గర్నుంచే అనీ ఆ పరిశోధనల్లో తేలింది. అందులో ఒంటి మార్పుల పాత్ర కొంత ఉండొచ్చు. ‘ఛీ, మగాడివి కాదూ’ల పాత్ర తక్కువేం కాదు. అమెరికాలో రొనాల్డ్ లెవాంట్ 1990లలోనే ఇంకో సంగతి గమనించారు. అలా పెరిగిన మగవాళ్లలో చాలామందికి, లోపల ఏదో జరుగుతోందని తెలుస్తుంది గాని దానికి పేరు చెప్పమంటే నోట మాట రాదు. దాచడం కాదది, నిజంగానే మాట దొరకదు.

మన భాషలో ఆ మాటలకేం కొదవ లేదు. ఉక్రోషం, రోషం, అలక, కినుక, బెంగ, దిగులు, చిన్నబోవడం, మనసు చివుక్కుమనడం... వీటన్నిటినీ ఒక్క గోనెసంచిలో కుక్కి, మూతి కట్టి, పైన ‘టెన్షన్’ అని చీటీ అంటించాం. ఔటైనప్పుడు మీ వాడికి వచ్చింది ఉక్రోషం. ‘ఉక్రోషం వచ్చిందా నాన్నా’ అని మీరు అడిగుంటే వాడు ముక్కు ఎగబీలుస్తూ తలూపేవాడు, సగం అక్కడే తగ్గేది. ఇది నా చాదస్తం అనుకోకండి. లాస్ ఏంజెలెస్‌లో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు స్కాన్లు తీసి చూసింది. కోపం, భయం ఉన్న ముఖాలను చూపించి, ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు మెదడులో కంగారు పుట్టించే భాగం ఉధృతి తగ్గింది.

ఇక మీ ఛాతీలో బరువు. ఈసీజీ, టీఎంటీ నార్మల్ అన్నారు కాబట్టి ధైర్యం చేసి అంటున్నాను, దాని పేరు బెంగ అయ్యుండొచ్చు. నొప్పి చేతికో దవడకో పాకినా, మెట్లెక్కితే పెరిగినా మళ్లీ డాక్టరు దగ్గరికే వెళ్లండి, నా మాట పట్టుకొని కూర్చోకండి. బెంగ చిన్నపిల్లలకే వస్తుందనుకుంటాం, అమ్మ ఊరెళ్తే జ్వరం తెచ్చుకుంటారే, అలా. నలభై దగ్గరపడ్డ మనిషి నాయన మీద బెంగ పెట్టుకోకూడదని ఎక్కడా రాసి లేదు. నా దగ్గరికి వచ్చే మగవాళ్లలో దుఃఖం అని చెప్పుకొని వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గ్యాస్ ట్రబుల్ అంటూ వస్తారు, నిద్ర పట్టట్లేదంటూ వస్తారు, చీటికీమాటికీ కోపమొస్తోందని భార్య లాక్కొస్తే వస్తారు. మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు చిరాకుగా, తాగుడుగా, అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ ముందు పనిగా వేషం మార్చుకొని తిరుగుతుంది.

ఒకటి అడక్కుండా వదలను. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్లలో పదికి ఏడుగురు మగవాళ్లు. మీరు అలాంటి మాటేదీ రాయలేదు, నేనూ ఊహించడం లేదు. కానీ ఆ కారులో కూర్చున్నప్పుడు ‘నేను లేకపోతేనే నయం’ అన్న ఆలోచన ఒక్కసారైనా వచ్చుంటే, ఆలోచించకుండా 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. దాన్ని ముందుండి నడిపే నిమ్హాన్స్ మీ బెంగళూరులోనే హోసూరు రోడ్డు మీద ఉంది. అలాంటి ఆలోచన లేకపోయినా సరే, ఈ బరువు ఇలాగే ఉంటే ఒక కౌన్సెలర్‌ను కలవండి. ఈసీజీ తీయించుకోవడానికి సిగ్గుపడలేదు కదా.

బాబు దగ్గరికి వద్దాం. ముందు వాడికి క్షమాపణ చెప్పాలి. ‘ఆరోజు నిన్ను కొట్టడం నాదే తప్పురా. ఏడవడం తప్పు కాదు.’ అంతే, అక్కడ ఆగిపోవాలి. మన తండ్రులకు ఇక్కడే కాలు జారుతుంది. ‘కానీ నువ్వు కూడా అలా అందరి ముందూ...’ అని తోక తగిలిస్తారు. ఆ ‘కానీ’ తర్వాతదే పిల్లాడికి గుర్తుంటుంది. చెప్పగానే వాడు మీ మెడ చుట్టూ చేతులేస్తాడని ఎదురుచూడకండి. ‘సరే’ అని టీవీ వైపు తిరిగిపోవచ్చు. తిరగనివ్వండి. మళ్లీ కుళాయి చప్పుడు వినిపిస్తే తలుపు బాదకండి. బయట చాప మీదో సోఫాలోనో కూర్చోండి. వాడు వచ్చేసరికి మీరు అక్కడ ఉంటే చాలు. కళ్లెందుకు ఎర్రగా ఉన్నాయని ఆరా తీయొద్దు.

బయట పిల్లలు ఏడిపిస్తారని మీకు భయం ఉంటే, అది ఉత్తది కాదు. మీరూ నేనూ ఎంత మారినా, కింద ఆడే పిల్లలు ‘ఏడుపుగొట్టు’ అని పేరు పెడతారు. పెట్టకుండా ఆపే మంత్రం నా దగ్గర లేదు. ఒకటి నేర్పొచ్చు. ఏడుపొస్తే పక్కకొచ్చి కూర్చో, నీళ్లు తాగు, నీ ఇష్టం వచ్చినంతసేపు ఏడువు, ఆట మాత్రం వదిలిపెట్టి ఇంటికి రాకు. కళ్లు తుడుచుకొని మళ్లీ ఫీల్డింగ్‌కి వెళ్లే పిల్లాణ్ని నేను గట్టివాడంటాను. మీరు కోరుకునేదీ అదేనేమో ఆలోచించండి.

మీ ఆవిడ ముభావం ఆ ఒక్క చెంపదెబ్బ కోసమే అయ్యుండదు. పదకొండు నెలలుగా ఆమె మీ తలుపు కూడా కొడుతూనే ఉండుంటుంది. ఎదురుగా కూర్చోబెట్టి ‘చెప్పండి, ఏమైంది’ అంటే మీకు నోరు పెగలదు, తెలుసు. చాలామంది మగవాళ్లకు అంతే. పక్కపక్కన కూర్చొని ఎదురుగా ఉన్న గోడ చూస్తూ అయితే మాట వస్తుంది. కాబట్టి ఒక సాయంత్రం పార్కింగ్‌లోంచే ఆమెకు ఫోన్ చేసి, ‘కిందకి రా, కాసేపు కారులో కూర్చుందాం’ అనండి. ఎలాగూ ఆ అరగంట మీకు ఉంది, పక్క సీటు ఖాళీగా ఉంది. ఏం చెప్పాలో ముందే తయారు చేసుకోవద్దు. గుండు సంగతి చెప్పండి చాలు. ఆఫీసులో తిరుపతి అని చెప్పారని ఆమెకు తెలియదనే నా అనుమానం.

సంవత్సరీకానికి బస్సులో కాకుండా కారులోనే వెళ్లండి, హోస్కోటె, చింతామణి మీదుగా. బాబును తీసుకెళ్లండి, స్కూలు రెండు రోజులు పోతే పోనివ్వండి. దారి పొడవునా టమోటా పెట్టెల బళ్లు ఎదురొస్తాయి, వాడు ఎలాగూ ఏదో ఒకటి అడుగుతాడు. అప్పుడు తాత పెట్టెలు పారబోసి వచ్చిన రోజు సంగతి చెప్పండి, తువ్వాలు సంగతీ చెప్పండి. తాతకు బాధ లేదని చెప్పకండి, ఆ తువ్వాలు కింద ఏముందో మీరు ఇప్పుడు ఏమనుకుంటున్నారో అది చెప్పండి. గొంతు పట్టేస్తే బండి పక్కకు తీసి ఆపండి. వెనక సీట్లోంచి వాడు అద్దంలో చూస్తూ ఉంటాడు. చూడనివ్వండి.

ఊరికెళ్లాక అమ్మను అడగండి, ఆయన మీ ముందు కాకుండా ఆమె దగ్గరైనా ఎప్పుడైనా కన్నీళ్లు పెట్టుకున్నాడా అని. ఆమె చెప్పే జవాబు ఏమిటో నాకు తెలియదు గాని, ఆ ప్రశ్న అడిగే మనిషి కోసం ఆమె కూడా ఏడాదిగా చూస్తుండొచ్చు.

ఇంకొకటి. ఆ రెండు రోజుల సెలవు కోసం రాసే మెయిల్‌లో ‘పర్సనల్ వర్క్’ అని పెట్టకండి. మా నాయన సంవత్సరీకం అని రాయండి.