సమాధానం: రెడ్ హుక్ దగ్గర ఆగిపోకండి
అమెరికన్ హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ రాసిన ‘ది హారర్ ఎట్ రెడ్ హుక్’ కథలో వలసవచ్చినవాళ్లని చూపించిన తీరుకి ఒళ్లు మండిందని, ఇక ఈ తరహా కథలు మానేయాలా అని అడిగారు. మానకండి. దాన్ని ఎలాగోలా పూర్తి చేసి (చిన్నదే లెండి), వెంటనే విక్టర్ లావాల్ 2016లో రాసిన ‘ది బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్’ పట్టుకోండి. అదే కథ, కానీ 1924 నాటి న్యూయార్క్‌లోని హార్లెం నల్లజాతి కుర్రాడు టామీ వైపు నుంచి. వాళ్ల నాన్న చేతిలోని గిటార్‌ని తుపాకీ అనుకున్నానంటూ ఒక ప్రైవేట్ డిటెక్టివ్ ఆయన్ని కాల్చేస్తాడు (ముందే చెప్పేశాను, ఏమనుకోకండి). గుళ్లు అయిపోతే మళ్లీ నింపుకుని మరీ! ఆ పేజీ తర్వాత, కథలో సముద్రం అడుగున నిద్రపోయే రాక్షసుడంటే నాకు పెద్దగా భయమెయ్యలేదు. టామీకీ అంతే. రెండో సగం పోలీసు మలోన్ వైపు తిరుగుతుంది, నాకు మొదటి సగమే ఎక్కువ నచ్చింది. విచిత్రమేంటంటే, పుస్తకం అంకితమిచ్చింది లవ్‌క్రాఫ్ట్‌కే.