ట్రైకేర్ ఉన్నవాళ్లు నచ్చిన ఫార్మసీలో మందులు తీసుకోవచ్చా?

ప్రశ్న: మావారు అమెరికా ఆర్మీలో ఉన్నారు. టెక్సస్‌లో ఫోర్ట్ హుడ్ దగ్గర ఉంటున్నాం. సైనిక కుటుంబాలకు ఇచ్చే ఆరోగ్య బీమా ట్రైకేర్‌లో మాకు ప్రైమ్ అనే ప్లాన్ ఉంది. మా బాబుకి ఉబ్బసం. ఇంటి దగ్గరి చిన్న ఫార్మసీలో ఇన్‌హేలర్ తీసుకునేవాళ్లం. అక్కడి తెలుగావిడ స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) ఎలా పట్టుకోవాలో వాడికి ఓపిగ్గా చూపించేవారు. ట్రైకేర్ తరఫున వచ్చే డబ్బు మందు కొన్న ధరకే చాలట్లేదని ఇప్పుడు వాళ్లు నెట్‌వర్క్ (ట్రైకేర్‌తో ఒప్పందం ఉన్న షాపుల జాబితా) నుంచి తప్పుకున్నారు. ఫార్మసీని మనమే ఎంచుకునేలా, షాపులకు న్యాయమైన రేటు ఇచ్చేలా అమెరికా పార్లమెంటు కాంగ్రెస్‌లో బిల్లు పెడుతున్నారట. దాని ఆధారంగా పాత చోటే మందులు తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు గానీ, బిల్లు ఆధారంగా కాదు. ఉభయసభలూ ఆమోదించి, అధ్యక్షుడు సంతకం పెట్టేదాకా బిల్లుతో మీకు ఏ హక్కూ రాదు. 119వ కాంగ్రెస్‌లో, అంటే ఆ సభల 119వ విడత రెండేళ్ల కాలంలో, పెట్టిన బిల్లు 2027 జనవరి 3 లోపు గట్టెక్కకపోతే మురిగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సిందే.

మీ ఫార్మసీ ఇబ్బంది కొత్తదేం కాదు. ట్రైకేర్ మందుల వ్యవహారం ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్ అనే కంపెనీ చూస్తుంది. కొత్త కాంట్రాక్టు రేట్లు గిట్టుబాటు కావని 2022 అక్టోబరులో దాదాపు 15,000 చిన్న ఫార్మసీలు నెట్‌వర్క్‌కు దూరమయ్యాయి. తర్వాత వాటికి మళ్లీ అవకాశం ఇచ్చినా, అన్నీ తిరిగి రాలేదు.

‘రాష్ట్ర చట్టం ఉందిగా’ అని కొందరు అడుగుతుంటారు. కొన్న ధరకు తగ్గకుండా ఫార్మసీలకు చెల్లించాలన్న ఆర్కాన్సా చట్టాన్ని 2020లో సుప్రీంకోర్టు సమర్థించిన మాట నిజమే. కానీ రక్షణశాఖ ఆరోగ్య కాంట్రాక్టులకు రాష్ట్రాల బీమా చట్టాలు అడ్డురాకుండా అమెరికా కోడ్ (కేంద్ర చట్టాల సంపుటి) 10వ టైటిల్‌లో 1103వ సెక్షన్ ఉంది. అందుకే మార్పు రావాలంటే ట్రైకేర్ మందుల గురించిన 1074జి సెక్షన్‌ను కాంగ్రెసే సవరించాలి.

ఇక డబ్బు సంగతి. నెట్‌వర్క్‌లో లేని షాపులో ముందు పూర్తి ధర మీరే కట్టి, తర్వాత డీడీ 2642 ఫారంతో ఏడాదిలోపు క్లెయిమ్ చేసుకోవాలి. ప్రైమ్‌లో మనిషికి 300 డాలర్లు, కుటుంబానికి 600 డాలర్ల డిడక్టిబుల్ (ముందు మీరే భరించాల్సిన మొత్తం) దాటాకే సగం వెనక్కి వస్తుంది. అంటే 240 డాలర్ల ఇన్‌హేలర్ మొదటిసారి కొంటే పైసా కూడా తిరిగి రాదు. అదే మందు బ్రాండెడ్‌దైతే నెట్‌వర్క్ షాపులో 2026 కోపే (మీ వంతుగా కట్టే సొమ్ము) 48 డాలర్లు. బేస్‌లోని మిలిటరీ ఫార్మసీలో ఉచితం.

రోజూ వాడే మందు మిలిటరీ ఫార్మసీ నుంచో, పోస్టులోనో తెప్పించుకోండి. పోస్టులో 90 రోజులకు సరిపడా బ్రాండెడ్ మందుకు కోపే 44 డాలర్లు. ఆయాసం ముంచుకొచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్‌కు మాత్రం పార్సిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం. అది ఇంట్లో అయిపోకముందే దగ్గర్లోని నెట్‌వర్క్ షాపు ఒకటి చూసిపెట్టుకోండి. క్లెయిమ్ తిరస్కరిస్తే, ఆ నిర్ణయం తేదీ నుంచి 90 రోజుల్లో అప్పీలు చేయాలి. టెన్షన్‌లో ఈ గడువు దాటనివ్వకండి.

నా దృష్టిలో, షాపులకు న్యాయమైన రేటు ఇవ్వకుండా ‘నచ్చిన ఫార్మసీకి వెళ్లండి’ అనడం కాగితం మీద హక్కే. ఏ షాపూ నష్టానికి మందులు అమ్ముతూ నిలబడలేదు. కాబట్టి బిల్లులో ఈ రెండూ ఉండాలని కాంగ్రెస్‌లోని మీ ప్రతినిధి ఆఫీసుకు రాయండి. ఏ మందుకు ఎంత కట్టారో, కొత్త షాపు ఎన్ని మైళ్ల దూరమో రాసి, రసీదుల నకళ్లు జతచేయండి.