కర్లీ ప్రొటీన్ల మీద పరిశోధన... బీఈడీ మానుకోవాలా?

ప్రశ్న: మాది గుంటూరు. బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్. ఈ.కోలై బ్యాక్టీరియా ‘కర్లీ’ అనే అమిలాయిడ్ పోగులు (ప్రొటీన్లు వరుసగా పేరుకుని ఏర్పడే సన్నని దారాలు) ఎలా తయారుచేస్తుందో కాలేజీలో సెమినార్ ఇచ్చాను. ఆ ప్రొటీన్ల నిర్మాణం మీదే పరిశోధన చేయాలని ఉంది. నాన్నగారు ‘దానివల్ల ఉపయోగమేంటి, బీఈడీ చెయ్యి’ అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందు నాన్నగారి ప్రశ్నకే జవాబు చెబుతాను. అమిలాయిడ్ అనగానే అల్జీమర్స్ గుర్తొస్తుంది. ఈ.కోలై మాత్రం ఆ తరహా పోగుల్ని కావాలనే తయారుచేసుకుని, వాటితో బయోఫిల్మ్, అంటే బ్యాక్టీరియా గుంపుగా అతుక్కుని ఉండే పొర, కట్టుకుంటుంది. పోగుకు ముడిసరుకు సీఎస్‌జీఏ ప్రొటీన్. అది లోపలే పోగుగా మారితే కణానికే ముప్పు కాబట్టి మరో ప్రొటీన్ సీఎస్‌జీసీ అడ్డుకుంటుంది. మడతపడని సీఎస్‌జీఏ, బయటి పొరలోని ప్రొటీన్ సీఎస్‌జీజీ రంధ్రం గుండా బయటపడ్డాక ఇంకో ప్రొటీన్ సీఎస్‌జీబీ ఆసరాతో పోగవుతుంది. ఆ రంధ్రం నిర్మాణం 2014లో తెలిసింది. ఇరుకైన చోట దాని వెడల్పు ఒక నానోమీటరు కూడా ఉండదు. దాన్నే కొద్దిగా మార్చి, ఇప్పుడు డీఎన్ఏ చదివే నానోపోర్ యంత్రాల్లో వాడుతున్నారు. ఈ సంగతి ఇంట్లో తప్పకుండా చెప్పండి.

ఇక చదువు. ఒక్క కర్లీనే పట్టుకుని కూర్చోకండి. పద్ధతి నేర్చుకోండి: ప్రొటీన్ శుద్ధి చేయడం, దాని ఆకారం చూసే క్రయో-ఈఎం, ఎక్స్-రే, ఎన్ఎంఆర్. పద్ధతి చేతికొస్తే ఏ ప్రొటీన్ మీదైనా పనిచేయొచ్చు, ఫార్మా కంపెనీల్లోనూ అవకాశాలుంటాయి. ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపర్ రాసి ఎమ్మెస్సీలో చేరండి, తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. అందులో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు, హెచ్ఆర్ఏ అదనం. హైదరాబాద్‌లో సీసీఎంబీ, టీఐఎఫ్ఆర్, బెంగళూరులో ఐఐఎస్సీ, ఎన్‌సీబీఎస్ పరిశోధన సంస్థలున్నాయి. పీహెచ్‌డీకి అయిదారేళ్లు పడుతుందని మాత్రం ఇంట్లో దాచకండి.

నాకున్న బెంగ లెక్కల గురించే. బైపీసీ నుంచి వచ్చిన పిల్లలు ఈ పద్ధతుల్లో కావాల్సిన ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్ అనే గణితం దగ్గర ఆగిపోవడం చాలాసార్లు చూశాను. ఇంటర్ ఎంపీసీ లెక్కల పుస్తకాలు తెచ్చుకుని ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. జామ్ పేపర్‌లోనూ లెక్కలు, ఫిజిక్స్ ఉంటాయి. బీఈడీ తలుపు ఎక్కడికీ పోదు, ఎమ్మెస్సీ తర్వాతైనా చేయొచ్చు.

ఈ రాత్రి ఒక పని చేయండి. ప్రొటీన్ల నిర్మాణాలు భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్ సైట్లో 4యూవీ3 (4UV3) అనే నంబరు తెరవండి, పైసా ఖర్చు లేదు. అదే సీఎస్‌జీజీ. పైనుంచి కిందికి తిప్పి చూస్తూ రంధ్రాన్ని కట్టిన తొమ్మిది ముక్కలు లెక్కపెట్టండి, ఇరుకైన చోటు వెతకండి. ఎంతసేపు దాని ముందు కూర్చున్నారో నాకు రాయండి.