పోటు లెక్క అడిగిన పాఠకుడు

కొత్తపేట,
కోనసీమ.

చిరంజీవి అమ్మాయికి,
ఆశీస్సులు.

నువ్వు పంపిన కట్ట మొన్న శుక్రవారం అందింది. నీ అంతరిక్ష నవలల వరుసలో నాలుగో పుస్తకం గురించి పాఠకులు రాసిన అభిప్రాయాలన్నీ ఒకచోట చేర్చి, పక్కనే ఎర్ర సిరాతో నువ్వు రాసుకున్న జవాబులతో సహా పంపావు. కాలువలు కట్టేసిన రోజులు కనుక మా వీధి చివరి రేవులో బురద తప్ప చూడవలసిందేమీ లేదు. అరుగు మీద కూర్చుని రెండు పూటల్లో అంతా చదివాను. ఐదో పుస్తకం మొదలుపెట్టాలా, ఇక్కడితో వరుస ముగించాలా అని అడిగావు. దానికి జవాబు చెప్పేముందు నీ ఎర్ర సిరా గురించి చెప్పాలి. 43 అభిప్రాయాల్లో 39 టికి నువ్వు జవాబు రాశావు. సగం జవాబుల్లో కోపం ఉంది, మిగతా సగంలో సంజాయిషీ ఉంది. ఏ ఒక్కదాని పక్కనా ప్రశ్న గుర్తు మాత్రం లేదు.

మొదటగా నాకు కనిపించినది, నువ్వు ఒకదానికొకటి ఎదురుపెట్టి కొట్టేసిన రెండు రకాల ఫిర్యాదులు. పాత సంగతులే మళ్ళీ మళ్ళీ చెప్పడం వల్ల మొదటి వంద పేజీలూ దాటలేకపోయామని ఏడుగురు రాశారు. ఎవరెవరో వస్తున్నారు, పోతున్నారు, ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియలేదని ఐదుగురు రాశారు. నువ్వు ఈ రెండింటి కిందా గీత గీసి ‘చెల్లుకు చెల్లు’ అని రాశావు. అవి చెల్లిపోయే బాకీలు కావమ్మా. కాలువ తల దగ్గర రైతు ముంపు గురించి మొత్తుకుంటాడు, శివారు రైతు ఎద్దడి గురించి మొత్తుకుంటాడు, ఇద్దరి ఫిర్యాదుకూ కారణం చాలాసార్లు మధ్యలో సరిగ్గా దించని ఒకే తూము. మొదటి ఏడుగురూ నీ మొదటి పుస్తకం నుంచి వస్తున్నవాళ్ళు. రెండో ఐదుగురూ నాలుగో పుస్తకాన్నే ముందుగా చేతికి తీసుకున్నవాళ్ళు. ఆ సంగతి వాళ్ళ మాటల్లోనే ఉంది, వెతికితే దొరుకుతుంది. అభిప్రాయం బాగుందా బాగా లేదా అని చూడకముందు, ఈ మనిషి నీ కథలోకి ఏ రేవులో దిగాడన్నది చూసుకో. ఆపైన చూస్తే ఈ పన్నెండు మంది ఫిర్యాదూ ఒకే చోటి గురించి అని తెలుస్తుంది: ముసలి నావికుడు కొత్తగా చేరిన కుర్రవాడికి పాత యుద్ధం చరిత్రంతా కూర్చోబెట్టి చెప్పే ఆ నాలుగు పేజీలు. తెలిసినవాళ్ళకు అవి విసుగు పుట్టించాయి. తెలియనివాళ్ళకు ఆ నాలుగు పేజీల్లో పద్దెనిమిది పేర్లు ఒక్కసారిగా మీద పడ్డాయి.

మా కాలంలో వారపత్రికల సీరియళ్ళకు తల మీద ‘జరిగిన కథ’ అని ఒక చిన్న పెట్టె ఉండేది. ఆ పది పంక్తులూ ఆఫీసులో ఎవరో రాసేవారు, మాకు ఆ బాధ తప్పేది. నవలకు అలాంటి పెట్టె ఉండదు. సైన్స్ ఫిక్షన్ రచయితల్లో ఐజాక్ అసిమోవ్ అంతటివాడికి కూడా ఇది తలనొప్పిగానే తయారయింది. ఆయన ‘ఫౌండేషన్’ కథలను 1942 లో ఒక అమెరికా పత్రికలో మొదలుపెట్టి 1950 నాటికి ఆపేశాడు. కొత్త కథ రాసిన ప్రతిసారీ వెనకటి కథంతా ఏదో ఒక మూల నుంచి చెప్పవలసి రావడం, ఆ చెప్పవలసినది ఏటికేడాదీ పెరిగిపోవడం ఆయన విసిగిపోవడానికి ఒక కారణం. ఆపిన తరువాత 30 ఏళ్ళపాటు పాఠకులూ ప్రచురణకర్తలూ అడుగుతూనే ఉంటే, చివరికి 1982 లో నాలుగో పుస్తకం వచ్చింది, మరుసటి ఏడాది దానికి సైన్స్ ఫిక్షన్ రచనలకు ఇచ్చే హ్యూగో బహుమతి కూడా వచ్చింది. అది రాయడానికి కూర్చునే ముందు ఆయన తన పాత మూడు పుస్తకాలూ చదువుకుని, వీటిలో ఏమీ జరగడం లేదే, అందరూ మాట్లాడుకుంటూనే ఉన్నారే అని తానే విస్తుపోయాడట. నువ్వు నీ మొదటి పుస్తకాన్ని చివరిసారి ఎప్పుడు చదివావో గుర్తు చేసుకో.

వెనకటి కథ చెప్పడం నేను నేర్చుకున్నది మాత్రం ఏ నవలా చదివి కాదు. నా చిన్నతనంలో మా ఊరి గుడి మండపంలో వేసవిలో నలభై రోజులు భారతం చెప్పించేవారు. ఆ చెప్పే శాస్త్రిగారి ముందు రోజూ వచ్చేవాళ్ళూ, పొలం పనులవల్ల మధ్యలో మానేసినవాళ్ళూ, ఆ పూటే చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళూ కలిసే కూర్చునేవారు. ఆయన గొంతు సవరించుకుని, ‘నిన్న నిండు సభలో ఒక ఆడకూతురు ఒక ప్రశ్న అడిగింది, పెద్దలెవరూ జవాబు చెప్పలేదు, ఆ తలదించుకున్న పెద్దల్లో ఒకాయన ఈ రాత్రి నిద్రపోలేదు’ అని ఎత్తుకునేవారు. నిన్న వచ్చినవాళ్ళకు అది కొత్త సంగతి, ఎందుకంటే ఆ పెద్దాయన నిద్ర గురించి నిన్న చెప్పలేదు; ఈ పూటే వచ్చినవాళ్ళకు సభ, ప్రశ్న, మౌనం మూడూ ఒక్క వాక్యంలో అందాయి. అంటే ఆయన జరిగినదంతా చెప్పలేదు, జరిగినదాంట్లో ఇంకా తీరని బాకీ ఏదో అదొక్కటే చెప్పారు. నీ ముసలి నావికుడు కూడా యుద్ధం చరిత్ర చెప్పనక్కర లేదు. అందరూ భోజనం చేస్తుండగా మునిగిన ఆ ఓడ పేరు ఎవరైనా పలికినప్పుడు అతను ముద్ద చేతిలోనే ఆపి, కాసేపటికి మళ్ళీ తిన్నాడని రాస్తే, రెండు రేవుల్లో దిగినవాళ్ళూ ఒక్క ఒడ్డుకే చేరతారు.

ఇక ఈ కట్టంతటిలోనూ నాకు విలువైనదిగా కనిపించిన అభిప్రాయం దగ్గరకు వస్తాను. అది అయిదు పంక్తులే ఉంది, పొగడ్త లేదు, తెగడ్త లేదు. రాసినాయన అంతర్వేది వైపు మనిషి, చిన్నప్పుడు తండ్రితో చేపల వేటకు వెళ్ళేవాడట, ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తున్నాడట. ‘ఏమండీ, మొదటి పుస్తకంలో ఈ గ్రహానికి ఇద్దరు చంద్రులన్నారు. నాలుగో పుస్తకంలో శత్రువుల ఓడలు నది సముద్రంలో కలిసే మొగలో ఇసుక మీద కూర్చుండిపోయిన రాత్రి ఆ ఇద్దరు చంద్రులూ నడినెత్తిన ఉన్నారని మీరే రాశారు. ఇద్దరూ ఒక్క వరసలో లాగుతుంటే నీళ్ళు పొంగాలి కదండీ, దిగిపోవడమేమిటండీ?’ అని అడిగాడు. నువ్వు పక్కన ‘ఇది కల్పిత గ్రహం’ అని రాశావు.

నాకు ఇక్కడ నీ మీద కోపం వచ్చిందమ్మా, దాచుకోను. గ్రహం కల్పితమైనా చంద్రుడు నీటిని లాగడం కల్పితం కాదు. మన మొగల్లో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది, ఏ రోజుకారోజు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, అమావాస్యకూ పున్నమికీ సూర్యచంద్రులు ఒకే వరసలో ఉండడంవల్ల ఎక్కువగా పొంగుతుంది. ఇసుక మేట వేసిన మొగలో పడవ దాటించాలంటే ఈ లెక్క తెలియనిదే కుదరదు. కడుపు కోసం నేర్చుకున్న లెక్క అది. ఆ లెక్కను ఆయన మొదటి పుస్తకం చదివిన రోజున నీ ఇద్దరు చంద్రులకు వర్తింపజేసుకుని, మూడు పుస్తకాలపాటు మనసులో మోస్తూ వచ్చాడు. నీ లోకాన్ని నీకంటే శ్రద్ధగా గుర్తు పెట్టుకున్నవాడు అడిగినప్పుడు, అది కల్పితమని చెప్పడం అతన్ని గుమ్మంలోంచి వెనక్కి పంపడమే.

లారీ నివెన్ అనే అమెరికా రచయితకు సరిగ్గా ఇలాంటిదే జరిగింది. తన కథలు చాలావరకు నడిచే ఒకే విశాల లోకంలో భాగంగా ఆయన 1970 లో ‘రింగ్‌వరల్డ్’ అనే నవల రాశాడు. ఒక నక్షత్రం చుట్టూ, మన భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరంలో, అంటే దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల వ్యాసార్ధంతో, 16 లక్షల కిలోమీటర్ల వెడల్పున్న ఒక గట్టి వలయం, దాని లోపలి వైపు మనుషులు బతికే నేల. 1971 లో బోస్టన్‌లో జరిగిన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభల్లో ఆ నవలకు హ్యూగో బహుమతి వచ్చింది. అవే సభల్లో ఎంఐటీ అనే పేరున్న సాంకేతిక విద్యాసంస్థ విద్యార్థులు హోటలు వసారాల్లో ‘రింగ్‌వరల్డ్ నిలవదు’ అని నినాదాలు చేస్తూ తిరిగారు. వాళ్ళ మాట ఉత్త అల్లరి కాదు. గ్రహం తన సూర్యుడి చుట్టూ తిరుగుతూ నిలుస్తుంది కాని, గట్టి వలయం ఏ కాస్త పక్కకు జరిగినా దాన్ని మళ్ళీ మధ్యకు తెచ్చే బలం ఏదీ ఉండదు, జరిగినకొద్దీ ఇంకా జరిగి చివరికి నక్షత్రాన్ని తాకుతుంది. శని వలయం ఒకే గట్టి ముక్క అయి ఉండే వీలు లేదని భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1859 లోనే గణితంతో చూపించాడు.

నివెన్ ఏం చేశాడో చూడు. వలయం అంచుల మీద దాన్ని మధ్యలో నిలిపి ఉంచే యంత్రాలు ఉండేవని, వాటిలో చాలావాటిని అక్కడివాళ్ళే తమ ఓడల కోసం ఊడదీసుకుపోయారని, అందువల్ల వలయం ఇప్పుడు నక్షత్రం వైపు జారుతున్నదని చెప్పి, దాన్ని కాపాడడమే కథగా పదేళ్ళ తరువాత రెండో నవల రాశాడు. విద్యార్థుల ఆక్షేపణే ఆ నవలకు కథావస్తువయింది. అయితే అదే మొదటి నవలలో మరో తప్పు ఉంది. పుట్టినరోజును పొడిగించుకోవాలని భూమి మీద ఒక చోటి నుంచి మరో చోటికి క్షణంలో మారుతూ పోయే కథానాయకుణ్ణి ఆయన మొదటి ముద్రణలో తూర్పుకు పంపించాడు. తూర్పుకు పోతే రోజు తరుగుతుంది కాని పెరగదు. మలి ముద్రణల్లో ఆ దిక్కు మార్చేసి ఊరుకున్నాడు. ఏది దిద్దుకుని ఊరుకోవలసిన తప్పు, ఏది పుస్తకం కాదగిన తప్పు అన్న తేడా నువ్వు పట్టుకోవలసినది ఇక్కడే. దిక్కు మార్చితే ఎవరి బతుకూ మారదు. వలయం జారితే కోట్లమంది బతుకు మారుతుంది.

నీ పోటు తప్పు రెండో రకందని నా అభిప్రాయం. చంద్రుడు నడినెత్తికి వచ్చిన క్షణానే పోటు రావాలని లేదు. తీరం వంపును బట్టి, లోతును బట్టి ఒక్కో చోట ఒక్కో ఆలస్యం ఉంటుంది. శత్రువుల నావికుడి దగ్గర చంద్రుల పట్టిక ఉంది, ఆ మొగ ఆలస్యం మాత్రం లేదు. అది అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకే తెలుసు, పైవాళ్ళు అడిగితే వాళ్ళు చెప్పరు. చెప్పకూడదని ఎవరు ఎప్పుడు నిర్ణయించారు, అలా దాచినందువల్ల ఎవరు మునిగిపోయారు అన్న ప్రశ్నలలో ఐదో పుస్తకానికి సరిపడా కథ ఉంది. మొదలుపెట్టాలా వద్దా అన్నావు కదా.

కథానాయికను నాలుగో పుస్తకంలో అంత కఠినురాలిగా మార్చడం బాగా లేదని చాలామంది రాశారు. ఇందులో మాత్రం నేను నీ పక్షమే. ఫ్రాంక్ హెర్బర్ట్ అనే అమెరికా రచయిత 1969 లో తన ‘డ్యూన్’ నవల రెండో భాగంలో తన వీరుణ్ణి కోట్లమంది చావుకు కారణమైనవాడిగా నిలబెట్టినప్పుడు, మొదటి భాగాన్ని ధారావాహికగా వేసిన సంపాదకుడే దాన్ని వేయనన్నాడు, పాఠకులూ నొచ్చుకున్నారు. వీరుల వెంట పడవద్దని చెప్పడానికే రాశానని హెర్బర్ట్ అన్నాడు కాని వీరుణ్ణి వెనక్కి మార్చలేదు. నేను అంతటి గట్టివాణ్ణి కాలేకపోయాను. 1984 లో ఒక వారపత్రికలో వస్తున్న నా సీరియల్‌లో ఒక పిల్ల చనిపోతే, 15 పైసల కార్డులు సంచుల్లో వచ్చాయి, ఎలాగైనా బతికించమని సంపాదకుడు పట్టుబట్టాడు, బతికించాను. ఆ తరువాతి వారం నుంచి ఆ పిల్ల గురించి ఎవరూ భయపడలేదు. కార్డులు కూడా పలచబడ్డాయి. 1986 ఆగస్టు వరదలో ఆ కార్డుల పెట్టె తడిసి సిరా అంతా కారిపోయింది. నాకు పెద్దగా దిగులు వేయలేదు.

అట్ట బొమ్మ గురించి, ధర గురించి వచ్చినవాటిని ప్రచురణకర్తకు పంపించు. గ్రహాంతరవాసులకు తెలుగు పేర్లేమిటని నవ్వినవాళ్ళను నవ్వుకోనీ, ఆ పేర్లు మార్చకు.

ఇంక నువ్వు చేయవలసిన పని ఒకటి ఉంది. ఆ అంతర్వేది ఆయనకు ఉత్తరం రాయి. తప్పు ఒప్పుకుని, పున్నమి నాడు చంద్రుడు నడినెత్తికి వచ్చిన ఎంతసేపటికి వాళ్ళ మొగలో నీళ్ళు నిండుతాయో, వాళ్ళ నాన్నగారు దాన్ని దేన్ని చూసి గుర్తుపట్టేవారో అడుగు. వీలైతే వెళ్ళి ఆయనతో ఒక రాత్రి ఆ ఒడ్డున కూర్చో. కాలువలకు నీళ్ళు వదిలేలోగా మొదటి మూడు అధ్యాయాలు నాకు పంపు, అక్షరాలు మాత్రం కాస్త పెద్దవిగా అచ్చు తీయించు, ఎడమ కంటికి శుక్లం ముదిరిందని డాక్టరుగారు అంటున్నారు. ఆ ఎర్ర సిరా కలం మీ ఇంట్లో బొమ్మలు వేసుకునే పిల్లలెవరికైనా ఇచ్చెయ్యి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు